కోడి కైమా ఉండల్లో ఎరుపు

గల్ఫ్‌లో, జల్లాఖ్‌లోని ఒక ఇంట్లో ఒక శనివారం మధ్యాహ్నం అతిథులకు కోడి కైమా ఉండలు, పెరుగు సాస్ వడ్డించారు. ఒక ఉండను కోస్తే లోపల ఎర్రగా కనిపించింది. దానికి ఫొటో ఉంది. ఆ సాయంత్రం అతిథుల్లో ఒకాయనకు వాంతులయ్యాయి. ఆ సంగతి ఆయనే ఆ ఇంటికి ఫోను చేసి చెప్పాడు, ఆసుపత్రికి మాత్రం వెళ్లలేదు. ఆ వంట చేసింది ఆ ఇంట్లో పనికి కుదిరిన తూర్పు గోదావరి ఆవిడ. నాకు ఖాయంగా తెలిసినవి ఈ నాలుగే.

నలుగురికి వాంతులయ్యాయన్నది వినికిడి. పచ్చి మాంసమే కారణమని డాక్టరు చెప్పాడన్నది వినికిడి. వంట చేసినంతసేపూ ఆమె ఫోనులో మాట్లాడుతూనే ఉందన్నది కూడా వినికిడే. ఆ నలుగురు ఎవరని అడిగితే ఒక్కరి పేరే వచ్చింది. ఆసుపత్రికే వెళ్లని మనిషికి డాక్టరు ఎక్కడ తారసపడ్డాడో ఎవరూ చెప్పలేకపోయారు. అయినా మూడు రోజులు తిరక్కుండానే మా ఆఫీసులో ఈ మూడు మాటలూ ఆ నాలుగు నిజాలను పక్కకు నెట్టి కూర్చున్నాయి.

ఆహార నాణ్యతను పరీక్షించే ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే మీవంటివారి కోసం ఇది రాస్తున్నాను. హిద్‌లో, కార్మికుల క్యాంపులకు భోజనాలు పంపే ఒక పెద్ద వంటశాలలో చాలా ఏళ్లు ఆ పని చేసి రిటైరయ్యాను. వేల పళ్లేల భోజనాన్ని పరీక్షించినవాణ్ని, ఒక ఇంటి వంటగదిలో పుట్టిన చిన్న ప్రశ్న దగ్గర వారం రోజులు తెల్లమొహం వేశాను. అందులో సగం తప్పు నాదే. మిగతా సగం ఎవరిదో చదివాక మీరే తేల్చుకోండి.

ఆ ఇంటి యజమానురాలు మా కంపెనీ ఆఫీసులోనే పెద్ద హోదాలో ఉండేది. హైదరాబాదు మనిషి. అందరూ ఆమెను మేడమ్ అనేవారు. ఆదివారం ఉదయం నేను ల్యాబులో కోటు తొడుక్కోకముందే ఫోను వచ్చింది.

"మీరు సైంటిస్టు కదా. చికెన్ పచ్చిగా ఉందని ఒక కాగితం రాసివ్వండి. ఆ వంట చేసినదానికి వచ్చే ఆదివారానికి ఊరికి టికెట్ తీసేస్తున్నాం. ఖలాస్."

"పచ్చిగా ఉందని నాకు తెలియదండీ."

"ఫొటో పంపించానుగా?"

"ఫొటోలో ఎర్రగా ఉంది. ఉడికిందో లేదో ఫొటోను బట్టి చెప్పలేం."

"ఎర్రగా ఉంటే పచ్చిది కాక ఏమిటండీ?"

"మీ ఇంట్లో ఇంకెవరైనా చూశారా?"

"మా ఆయన చూశాడు. పసుపుపచ్చగా ఉందంటాడు. ఆయన మాట పట్టించుకోకండి, నీలానికీ నలుపుకీ తేడా తెలియదు, సాక్సులు కూడా నేనే జత చేసి పెట్టాలి."

ఒకే పళ్లెంలోని వంటకాన్ని ఇద్దరు చూసి రెండు రంగులు చెప్పారు. అక్కడే ఆగి ఆలోచించవలసింది. నేను ఆగలేదు. సాక్సుల సాక్ష్యాన్ని నమ్మి భర్తగారి మాటను కొట్టిపారేశాను. ఇది నా మొదటి తప్పు.

ఆ ఫోను పెట్టేసరికి గుమ్మంలో రెండో మనిషి నిలబడి ఉన్నాడు. మా వంటశాలలోనే డేగిసాలు తోమే విభాగంలో పని చేసేవాడు. వంట చేసినామె అతని భార్య. అతను వచ్చి మూడేళ్లయింది. ఎన్నో ప్రయత్నాల మీద, మేడమ్ ఇంట్లో పని ఉందని తెలిసి, ఎనిమిది నెలల కిందట ఆమెను కూడా రప్పించుకున్నాడు. అతనిది క్యాంపులో ఆరుగురి గది. ఆమెది జల్లాఖ్‌లో వంటింటి వెనకాల గది. శుక్రవారం మధ్యాహ్నం నుంచి ఏడింటి దాకా ఆమెకు సెలవు. వాళ్ల కాపురమంతా ఆ కొద్ది గంటలే. ఆమె వీసా మేడమ్ భర్త పేరిట ఉంది. ఆయన వద్దంటే ఆమె విమానం ఎక్కవలసిందే. అతని కాంట్రాక్టు ఇంకా ఏడాదిన్నర ఉంది.

"మా ఆవిడ ఉడకబెట్టిందండి. అమ్మవారి మీద ఒట్టేసి చెబుతోంది."

"ఒట్టుకు ఉష్ణోగ్రత ఉండదయ్యా. మిగిలిన ఉండలు ఎక్కడున్నాయి?"

అతని ముఖం వికసించింది. "పారేయించేశానండి."

"ఎవరు చెప్పారు పారెయ్యమని?"

"మీరేనండి. అనుమానం ఉంటే పారెయ్యాలని నెలకోసారి మీటింగు పెట్టి చెబుతారు కదండీ. శనివారం అది ఫోను చేసి ఏడుస్తుంటే వెంటనే చెప్పేశాను. ఆ గిన్నె కూడా మరిగే నీళ్లతో రెండుసార్లు తోమించానండి."

మెచ్చుకుంటానని ఎదురుచూస్తూ నిలబడ్డాడు. పరీక్షకు పనికివచ్చే ఒకే ఒక్క వస్తువును నా ఉపన్యాసమే చెత్తబుట్టలో వేయించింది. అనుమానం వస్తే తినకూడదని చెప్పాను గాని, ఒక ముక్క దాచి మరీ పారెయ్యాలని పనివాళ్లకు ఎన్నడూ చెప్పలేదు. నమూనా దాచడం మా ల్యాబు పని కదా, గిన్నెలు తోమేవాడికి ఎందుకనుకున్నాను.

ఇక మిగిలింది కాగితం. వంట విధానాన్ని మేడమ్ ఇంటర్నెట్‌లోంచి అచ్చు తీసి వంటామెకు ఇచ్చింది. అది ఫొటోగా నాకు చేరింది. దాని నెత్తిన గ్రీకు పద్ధతి అని ఉంది. ఆ పద్ధతిని గ్రీకులు ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు, అది పరీక్షించే సాధనం కూడా నా దగ్గర లేదు. ఎముకలు లేని కోడిమాంసం, పాలలో నానబెట్టిన బ్రెడ్డు, గుడ్డు, ఉల్లి, వెల్లుల్లి, పుదీనా, ఒరెగానో అనే ఎండుటాకు పొడి, ఉప్పు, మిరియాలు. ఉండలు చేసి ఓవెన్‌లో కాల్చాలి. చిక్కటి పెరుగులో నీళ్లు పిండేసిన కీరదోస తురుము వేసి, వెల్లుల్లి, నిమ్మరసం కలిపితే సాస్. అడుగున పెన్నుతో మేడమ్ దస్తూరి: వంటసోడా, అర చెంచా. అంతకు ముందు నెలలో మొదటిసారి చేసినప్పుడు ఉండలు గట్టిగా వచ్చాయట. సోడా వేస్తే మెత్తబడతాయని ఎవరో చెప్పారట. ఆ మొదటిసారి ఎరుపు లేదు. ఇది కూడా నా ఎదురుగానే ఉంది.

గుదైబియాలోని నా గదిలో చిన్న ఓవెన్ ఉండేది. ఆదివారం సాయంత్రం డ్యూటీ దిగి, కాగితంలో ఉన్నది ఉన్నట్టు గ్రాముల్లో తూచి చేశాను. లోపల, కోడి ఉడికినట్టు లెక్కించే డెబ్బై నాలుగు డిగ్రీలు దాటాక కోసి చూస్తే తెల్లగా, కాస్త బూడిదరంగుగా ఉంది. సోమవారం కావాలని సగం కాల్చి తీశాను. లోపల లేత గులాబీ రంగు, జిగురు. ఫొటోలోనిది ఇటుక రంగు. మంగళవారం ఉల్లి పెంచాను. బుధవారం పుదీనా పెంచాను. ఎర్రదనం రాలేదు. నాలుగు రోజుల్లో మూడు కిలోల మాంసం, నా సహనం ఖర్చయ్యాయి.

చేసినవాటిని మా వంటశాలకు పట్టుకుపోతే తిన్నవాడు ఒక్కడే: పొయ్యిల విభాగం పెద్ద, జగిత్యాల వైపు మనిషి, వయసులో నాకంటే చిన్నవాడైనా నాతో చనువుగా ఉండేవాడు.

"దుబాయికొచ్చి ఇరవై ఏండ్లాయె సారూ, గిసొంటి సప్పటి కూడు ఎన్నడు తినలే," అన్నాడు నాలుగో ఉండ నములుతూ. వాళ్ల వైపు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే.

"తినమని నేను బతిమాలలేదే."

"పారేస్తే మంచిగుండదని తింటున్న. గని ఒక్క మాట అడుగుత. చేసినామె జల్లాఖ్‌ల ఉండంగ, మీరు గుదైబియాల గీ తిప్పలెందుకు వడుతున్నరు?"

"ఆమె చేసిన పద్ధతి నా చేతిలో ఉంది."

"మీ చేతిలున్నది కాయిదం సారూ. వంట చేసింది ఆమె చెయ్యి."

నాకు ఒళ్లు మండింది. మండటానికి కారణం అతని మాటలో తప్పు లేకపోవడం. అయినా ఓటమి ఒప్పుకోవడానికి ముందు ఒక అడుగు మిగిలింది కనుక, ఆ గురువారం మధ్యాహ్నం ఆమెకు ఫోను చేశాను. ఏమేం వేశావని అడిగాను. కాగితంలో ఉన్నవన్నీ వరుస తప్పకుండా అప్పజెప్పింది.

"ఇంకేమైనా వేశావా? కారం? రంగు? మసాలా?"

"లేదండి. అమ్మగారు కాగితంలో ఉన్నదే వెయ్యమన్నారు, అదే వేశానండి."

"రుచి చూశావా?"

"శనివారం నీచు ముట్టనండి. అయినా చుట్టాలు తినకుండా నేనెలా తింటానండి, ఎంగిలైపోదూ?"

అంటే వండినామె కూడా తిని చూడలేదు. నా పరిశీలనల పుస్తకంలో రుచి అన్నదాని ఎదురుగా సున్నా చుట్టాను.

వాంతులైన ఆయన నంబరు ఇమ్మని మేడమ్‌ను అడిగితే, "భోజనానికి పిలిచినవాళ్లను ఎంక్వైరీ చేస్తారా? నా పరువేం కావాలి?" అని గదమాయించింది. ఆయనకు వాంతులు కావడం ప్రమాణం, ఆయన్ని ప్రశ్నించడం మాత్రం అపచారం. ఈ తర్కంతో వాదించే ఓపిక నాకు అప్పటికే లేదు.

శుక్రవారం రెండింటికి భార్యాభర్తలు ఇద్దరూ నా గదికి వచ్చారు. వాళ్లకు మిగిలిన ఆఖరి సెలవు పూట అదే కావచ్చునని ముగ్గురికీ తెలుసు. కిలో మాంసం, స్టీలు గిన్నె, గరిటె, ఆమె తన వంటింటి సామాన్‌తోనే వచ్చింది. నేను పుస్తకం, గడియారం, థర్మామీటరు పట్టుకుని పక్కన నిలబడ్డాను. అతను తలుపు దగ్గర నేల మీద కూర్చున్నాడు.

ఆమె మాంసం ముక్కలు గిన్నెలో వేసి, ఉప్పు చల్లి, సంచిలోంచి ఒక చిన్న పొట్లం తీసింది. గుప్పెట్లో సగం పొడి తీసి ముక్కలకు రుద్దడం మొదలుపెట్టింది.

"ఆగు. అదేమిటి?"

"పసుపండి."

"ఇంకేమైనా వేశావా అని నిన్న అడిగాను కదా?"

"ఇది వెయ్యడం కాదు కదండీ, కడగడం."

"కాగితంలో పసుపు లేదు."

"కాగితంలో చేతులు కడుక్కోమని కూడా లేదండి. మరి కడుక్కోకుండా వండేమంటారా?"

తలుపు దగ్గరి మనిషి నవ్వు దాచుకోవడానికి తల దించుకున్నాడు. "మా ఊళ్లో పసుపు పెట్టకుండా కోడిని ఎవరూ వండరండి," అన్నాడు. ఆమె అరగంట నానబెట్టి, ఒక్క నీళ్లతో కడిగి వార్చింది. పసుపు సగమైనా పోలేదు. ముక్కలను మిక్సీలో వేసి కైమా చేసింది. ఆ తరువాత కాగితంలోని సరుకులన్నీ పడ్డాయి. సోడా దగ్గర మళ్లీ ఆపవలసి వచ్చింది. ఆమె ఎత్తినది అన్నం వడ్డించే పెద్ద చెంచా, అందులో సగం.

"అర చెంచా అంటే అదా?"

"ఆ ఇంట్లో సోడా డబ్బాలో ఉండేది ఈ సైజు చెంచానేనండి. మరి ఏ చెంచానో అమ్మగారు రాయలేదు."

రాయలేదు. నేను కూడా అడగలేదు. ల్యాబులో అయిదు మిల్లీలీటర్ల చెంచా తప్ప ఇంకొక చెంచా ఉంటుందని నాకు తోచలేదు.

ఓవెన్‌లోంచి తీసిన ఉండలో థర్మామీటరు గుచ్చితే ఎనభై ఒకటి చూపింది. కోశాను. లోపలంతా ఇటుకరాయి ఎరుపు, అక్కడక్కడ మరీ ముదురు మచ్చలు. ఫొటోలో ఉన్నది ఇదే. తలుపు దగ్గరి మనిషి లేచి వచ్చి చూసి, మళ్లీ కూలబడ్డాడు.

"ఉడకలేదాండీ?"

"ఉడికింది," అన్నాను. ఎందుకు ఎర్రగా ఉందో మాత్రం చెప్పలేకపోయాను. చేతిలో థర్మామీటరు, ముందు ఉండ, మధ్యలో నేను.

ఆమె వంగి చూసింది. "పారాణి రంగు వచ్చేసిందేంటండీ," అంది మామూలుగా.

ఆ మాటకు నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. పెళ్లికూతురి పాదాలకు పెట్టే పారాణికి పసుపులో సున్నం కలుపుతారు, కలపగానే ఎర్రబడుతుంది. సున్నం క్షారం. వంటసోడా కూడా క్షారమే, వేడికి దాని ఘాటు ఇంకా పెరుగుతుంది. పసుపు పూసిన కాగితాన్ని క్షారంలో ముంచితే ఎర్రనవుతుందని బళ్లో చదువుకున్నాను, ఆ తరువాత పిల్లలకు ట్యూషన్లలో చెప్పాను కూడా. ఆ జ్ఞానమంతా ఒక అరలో, కోడి ఇంకో అరలో పెట్టుకుని వారం రోజులుగా ఉల్లిపాయలు తూస్తూ కూర్చున్నాను.

ఆ క్షారాన్ని పులుపు విరిచెయ్యాలి. ఆమె చేసిన పెరుగు సాస్ ఒక చెంచా తీసి ఉండను కోసిన వైపు రాశాను. ఒక నిమిషం గడిచాక తుడిచి చూస్తే, సాస్ తగిలినంత మేరా పసుపుపచ్చ. తగలని చోట ఎరుపు. మేడమ్ భర్తకు రంగులు సరిగ్గానే తెలుసు. ఆయన ముంచుకుని తిన్నాడు, ఆవిడ కోసి చూసింది. ఇద్దరూ చూసినదే చెప్పారు.

"తేలిపోయినట్టేనాండీ?" అన్నాడతను.

"తేలలేదు. పసుపు వేసి సోడా లేకుండా ఒకటి, సోడా వేసి పసుపు లేకుండా ఒకటి, రెండూ లేకుండా ఒకటి చెయ్యాలి."

"ఇంకా మూడా?" ఆమె నడుము మీద చెయ్యి పెట్టుకుంది. "ఏడింటికి నేను ఇంట్లో లేకపోతే ఆదివారం దాకా కూడా ఆగరండి, రేపే పంపించేస్తారు. కళ్లెదురుగా కనబడుతోంది కదండీ."

"కళ్లెదురుగా కనబడబట్టే మీ అమ్మగారు టికెట్ తీసింది."

మూడూ చేసింది. పసుపు, సోడా రెండూ కలిసిన దానిలో తప్ప ఎరుపు మరి దేనిలోనూ రాలేదు. ఆ ఎర్రటిదాన్ని నోట్లో వేసుకుంటే సబ్బు రుచి తగిలింది. అది అతిథులు ఎలా తిన్నారన్నది వేరే ఆశ్చర్యం.

ఆరున్నరకు టాక్సీలో ముగ్గురం జల్లాఖ్ చేరాం. అతను గేటు బయటే ఆగిపోయాడు. మేడమ్ భోజనాల బల్ల మీద ఎర్రటి ఉండ కోసి, సగం మీద సాస్ రాసి చూపించాను. మేడమ్ రెండు సగాలనూ చాలాసేపు చూసింది. ఆమె భర్త కుర్చీ జరుపుకుని వచ్చి, "నేను మొదటి రోజే చెప్పాను పసుపుపచ్చ అని," అన్నాడు.

"మీరు ఊరుకోండి," అని ఆవిడ నా వైపు తిరిగింది. "అంటే ఆ రోజు ఉడికినట్టేనా? యెస్సా, నోనా?"

"ఈ ఎరుపు పచ్చితనానికి గుర్తు కాదు."

"నేనడిగింది అది కాదు."

అవును, ఆవిడ అడిగింది అది కాదు. ఈ ఒక్క విషయంలో ఆవిడ నాకంటే సూటిగా ఉంది. ఇవాళ నా గదిలో ఎనభై ఒక డిగ్రీలు చేరిన ఉండ, పోయిన శనివారం ఇంకొక ఓవెన్‌లో కాలిన ఉండకు సాక్ష్యం కాదు. కాగితం తీసి రెండు వాక్యాలు రాశాను. ఒకటి: ఫొటోలోని ఎరుపు పసుపు, వంటసోడాల కలయిక వల్ల వచ్చి ఉండవచ్చు, దాన్ని బట్టి మాంసం పచ్చిదని అనడానికి వీలులేదు. రెండు: ఆ రోజు ఉండలు పూర్తిగా ఉడికాయో లేదో చెప్పడానికి ఆధారం లేదు. కింద సంతకం పెట్టాను.

గోడ పక్కన నిలబడ్డ ఆమె, "రెండోది ఏం రాశారండీ?" అని అడిగింది. చదివి వినిపించాను. ఆమె ముఖం పాలిపోయింది. "అది లేకుండా రాయకూడదాండీ?" అంది మెల్లగా.

రాయవచ్చు. అడిగేవాడు లేడు. నా ఉద్యోగ జీవితంలో ఒక వాక్యం కొట్టేయాలని చెయ్యి అంత బలంగా లాగిన సందర్భం ఇంకొకటి లేదు. కొట్టేయలేదు. అది ధైర్యమని ఇప్పటికీ అనుకోను, అలవాటు కావచ్చు. ఆ అలవాటు ఖరీదు నేను కాక ఆమె చెల్లించవలసి వస్తుందని మాత్రం ఆ క్షణంలో బాగా తెలుసు.

మేడమ్ కాగితాన్ని రెండుసార్లు చదివింది. "మొదటిది మాత్రమే రాసి ఉంటే, మీ వంటశాల మనిషి పెళ్లాం కదా అని రాశారనుకునేదాన్ని," అంది. తరువాత భర్తతో, ఆమె వైపు చూడకుండానే, "టికెట్ క్యాన్సిల్ చేయించండి," అంది. ఇంకొంచెంసేపటికి ఆమెతో: "ఇకమీద పసుపు మానెయ్."

"పసుపు మానలేనండి. సోడా మానేస్తాను."

ఆ సంధి కుదిరింది. ఆ ఉండలు ఆ ఇంట్లో మళ్లీ చేయలేదు. అతని కాంట్రాక్టు ముగిసేదాకా ఆమె అక్కడే పని చేసింది, శుక్రవారాలు నిలిచాయి. ఇద్దరిలో ఎవరూ నాకు కృతజ్ఞతలు చెప్పలేదు. రెండో వాక్యం సంగతి గేటు బయట విన్నప్పటి నుంచి అతను నాతో నెల రోజులు మాటలు మానేశాడు, అందుకు అతన్ని తప్పు పట్టను.

మీకు చెప్పదలచినది ఇంతే. ఏం వేశావని అడగకండి. వెయ్యడం అనే మాటకు ప్రతి వంటింట్లోనూ ఒక హద్దు ఉంటుంది, అవతల ఉన్నది ఎవరూ చెప్పరు. దాచి కాదు, అది చెప్పదగ్గ సంగతని వాళ్లకు తోచదు గనుక. వెళ్లి పక్కన నిలబడి చూడండి. నాలా అయిదు రోజులు ఆలస్యం చేయకండి.

ఒక ప్రశ్న మాత్రం తేలలేదు: ఆయనకు వాంతులు ఎందుకయ్యాయి? టికెట్ రద్దయ్యాక మేడమ్ మనసు మెత్తబడి నంబరు ఇచ్చింది. ఫోను చేసి, ఆ శనివారం భోజనానికి ముందు ఏమైనా తిన్నారా అని మర్యాదగానే అడిగాను. పక్కనుంచి ఒక ఆడమనిషి గొంతు, "ఎవరండీ?" అంది.

"ఆఫీసు ఫోనే," అని ఆమెకు చెప్పి, గొంతు తగ్గించాడు. "చూడండి, నాకు షుగరు. మా ఆవిడ పక్కనే ఉంది. ఆ పొద్దుటి సంగతి ఒక్కటి అడక్కండి." ఫోను పెట్టేశాడు. తరువాత రెండుసార్లు చేస్తే ఎత్తలేదు.

మిఠాయిలు తిన్నాడని మీరు అనుకుంటారు. నేను కూడా అనుకున్నాను. అనుకోవడం నిర్ధారణ కాదు. కనుక నా పుస్తకంలో ఆ గడిలో ఇలా రాసి మూసేశాను: కారణం తెలియదు. నమూనా లేదు. సాక్షి పక్కన భార్య ఉంది.